గడ్డి మీరే తెచ్చుకోండి



పోయిన వానాకాలంలో నెమిలిలో ఒక విశ్వాసుల ఇంటికి సాయంకాల ప్రార్థనకు వెళ్ళాము. చాప వేశారు, పదిమందిమి కూర్చున్నాము. ఇంటాయన లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని కంపెనీ కాల్‌లో ఉన్నాడు. ఇంటామె మా ఎదురుగానే కూర్చుంది గాని చూపంతా గోడ గడియారం మీదే. ఆరున్నరకు ఆమె షిఫ్టు మొదలు. మేము ప్రార్థన మొదలుపెట్టాము. మా గొంతు కొంచెం పెద్దది, ఆ సంగతి మా సంఘంలో అందరికీ తెలుసు. అంతలో మూడున్నరేళ్ళ పాప మెల్లగా లేచి వచ్చి, మా మోకాలి మీద ఒక చెయ్యి వేసి, రెండో చేతి వేలు పెదవుల మీద పెట్టుకుని, "మ్యూట్" అంది.

అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. ప్రార్థన ముగిశాక తల్లి మమ్మల్ని వాకిలి దాకా సాగనంపుతూ చెప్పింది: "అయ్యగారూ, బిడ్డకు వచ్చిన మాటలే పదో పదకొండో. అందులో అదొకటి."

వేలూరులో డాక్టరుకు చూపించారట. చెవులు బాగానే ఉన్నాయి, పాపతో ఎక్కువగా మాట్లాడండి, ఫోను చేతికివ్వకండి అని చెప్పి పంపారట. మాటలు ఆలస్యం కావడానికి కారణం ఇదేనని తేల్చి చెప్పడానికి మేము వైద్యులం కాము. కానీ ఎక్కువగా మాట్లాడండి అన్న ఆ సలహాను ఆ ఇంట్లో ఎవరు, ఎప్పుడు పాటించాలి? తండ్రి పొద్దున తొమ్మిదికి లాప్‌టాప్ తెరిస్తే రాత్రి ఏడున్నర దాకా లేవడు. తల్లి చేసేది ఏఆర్ కాలింగ్. అంటే అమెరికాలో ఒక ఆసుపత్రి పంపిన బిల్లుకు అక్కడి ఇన్సూరెన్సు కంపెనీ డబ్బు ఎందుకు కట్టలేదో ఫోను చేసి కనుక్కునే పని. అక్కడ పొద్దున తొమ్మిదయితే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. ఆమె రాత్రి మూడున్నర దాకా కూర్చుంటుంది. పడుకునేసరికి నాలుగు. ఏడింటికి బిడ్డ లేస్తుంది. ఇల్లంతా కలిసి ఉండేది, అందరూ మెలకువగా, నోరు తెరిచి మాట్లాడుకోగలిగేది రోజు మొత్తం మీద గంటన్నర. అందులోనే వంట, స్నానాలు, అత్తగారి మందులు.

ఆ రాత్రి ఆ వాకిట్లో మేము ఇచ్చిన జవాబు ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. "అమ్మా, తెల్లవారుజామున లేచి ప్రభువు సన్నిధిలో గడపండి, అన్నీ ఆయనే సర్దుతాడు" అన్నాము. తెల్లవారుజామున పడుకునే మనిషికి తెల్లవారుజామున లేవమని చెప్పి, మోటార్ సైకిల్ ఎక్కి వచ్చేశాము. ఆమె తర్వాత నాలుగు నెలలు ఆరాధనకు రాలేదు. విశ్వాసం చల్లారింది అని మా పెద్దల కూటంలో ఒకరన్నారు. మేము కాదనలేదు.

ఈ వ్యాసం ఆ నాలుగు నెలల బాకీ.

ముందుగా ఒక అభ్యంతరం. ఈ పత్రిక చదివేవారిలో కొందరు, "పొలం కూలీల గురించి, పాకీ పనివారి గురించి, దళిత క్రైస్తవుల రిజర్వేషన్ గురించి రాసేవాళ్ళు ఇప్పుడు లక్షల జీతగాళ్ళ కష్టాలు రాస్తున్నారేమిటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే మేము తిరిగే నెమిలి, గుడియాత్తం, వేలూరు ఇళ్ళలో లక్షల జీతగాళ్ళు తక్కువ. మెడికల్ కోడింగ్, బిల్లింగ్, చాట్ సపోర్ట్, క్లెయిముల పరిశీలన, డేటా సరిచూడటం ఇవీ మా పిల్లల ఉద్యోగాలు. వాళ్ళ తాతలు తోలు షెడ్లలో, అగ్గిపెట్టెల కార్ఖానాలలో చేసినవారు. ఇంటికి మొదటి డిగ్రీ వీళ్ళదే. మొదటిసారి నెలనెలా బ్యాంకులో జీతం పడటం కూడా వీళ్ళతోనే. ఆ జీతం మీద చెల్లెలి చదువు, నాన్న అప్పు, సగం కట్టిన ఇల్లు ఆధారపడి ఉన్నాయి. అందుకే ఎంత ఒత్తిడి అయినా పైకి చెప్పరు. చెబితే ఇంట్లోవాళ్ళే, "ఎండలో పని చేస్తున్నావా? ఫ్యాను కింద కూర్చున్నావుగా" అంటారు.

2020 మార్చి 25న దేశమంతా మూతపడినప్పుడు వీళ్ళు చెన్నై నుండి, బెంగళూరు నుండి మూటాముల్లె సర్దుకుని వచ్చారు. గుడియాత్తం రైల్వే స్టేషనులో నిలబడితే ఒక వైపు చెన్నై, ఇంకో వైపు బెంగళూరు. మా ఊళ్ళ యువత ఏళ్ళ తరబడి ఈ రెండు వైపులకే పోతున్నది. వాళ్ళు తిరిగి వస్తే మేము సంతోషించాము, అది దాచనక్కర లేదు. గుడిలో యువకుల బెంచీలు నిండాయి. తల్లిదండ్రులకు పిల్లలు దక్కారు. నగరంలో అద్దెకు పోయే డబ్బు మిగిలింది. ఇంటి నుండి పని దేవుడిచ్చిన వరమని సాక్ష్యాలు చెప్పారు. ఆ సాక్ష్యాలు అబద్ధం కావు. ఈ రోజుకీ, నెలల బిడ్డను వదిలి రోజూ రెండు గంటలు బస్సులో పోయే తల్లికంటే ఇంట్లో ఉండి పని చేసే తల్లికి కొన్ని సౌకర్యాలు ఉన్నమాట నిజం. ఆ పని తీసేయమని మేము అడగడం లేదు. ఆ ఇంటిలోకి కంపెనీ ఎంత దూరం వచ్చింది, వచ్చి దేనికి డబ్బు కట్టింది, దేనికి కట్టలేదు అనేదే మా ప్రశ్న.

మా ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. గుడియాత్తం అంటే బయటివాళ్ళకు లుంగీలు, అగ్గిపెట్టెలు గుర్తొస్తాయి. మాకు బీడీలు కూడా గుర్తొస్తాయి. తిన్నె మీద కూర్చుని, ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన ఆకు, పొగాకు, పక్కన చీర ఉయ్యాలలో బిడ్డ. కాలితో ఉయ్యాల ఊపుతూ చేత్తో బీడీ చుట్టే తల్లులను చూస్తూ పెరిగినవాళ్ళం మేము. అదీ ఇంటి నుండి పనే. ఆకు, పొగాకు తూచి ఇచ్చేది కాంట్రాక్టరు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బాగాలేవని అతను తీసి పక్కన పడేసిన వాటికి కూలి లేదు. ఆ ఇంటి అరుగుకు, దీపానికి, నడుం నొప్పికి లెక్క లేదు. లెక్క పూర్తి కాకపోతే పక్కనున్న పిల్లల చేతికి దారం ఇచ్చేవారు. 1996లో హ్యూమన్ రైట్స్ వాచ్ భారతదేశంలో వెట్టి పిల్లల గురించి వెలువరించిన నివేదికలో మా పాత ఉత్తర ఆర్కాటు బీడీ పిల్లల గోడు ఉన్నది.

మా సంఘంలో ఆ తరం పెద్దమ్మ ఒకరున్నారు. మనవరాలు ఇంట్లో లాప్‌టాప్ ముందు పని చేయడం రోజూ చూస్తారు. ఒకసారి మేము ఈ సంగతి కదిపితే ఆమె అన్న మాట: "మాకు చాట, దానికి పెట్టె. అంతే గదయ్యా. మేమైనా నోరారా మాట్లాడుకుంటా చుట్టినాము. ఈ బిడ్డలకు ఆ మాట్లాడేది గూడా లేదు."

ఆమె తరం ఊరికే కూర్చోలేదు. ఇంట్లో చుట్టేవాళ్ళు మా పనివాళ్ళే కారు, వాళ్ళ ఇంట్లో వాళ్ళు చేసుకుంటున్నారు అని బీడీ యజమానులు వాదించిన కాలంలో, 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. సరుకు ఇంటికి పట్టుకెళ్ళి పని చేసే స్త్రీ కూడా కార్మికురాలే అని ఆ చట్టం ఒప్పుకుంది. యజమానులు కోర్టుకెక్కారు. 1974లో సుప్రీం కోర్టు చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. తర్వాత గుర్తింపు కార్డు, భవిష్య నిధి వచ్చాయి. అందరికీ అందాయా అంటే లేదు, కార్డు కోసం ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరిగే ముసలమ్మలు ఉన్నారు. కానీ ఇంటి గడప దాటి చట్టం లోపలికి రాగలదని మాత్రం తేలింది. చదువు రాని స్త్రీలు సాధించిన ఆ మాటను, డిగ్రీలున్న వారి మనవరాళ్ళు అడగడానికి భయపడుతున్నారు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి వద్ద పని చేసేవారి కోసం 177వ ఒడంబడిక చేసింది, వాళ్ళనూ మిగతా ఉద్యోగులతో సమానంగా చూడాలని. మన దేశం దానిని ఆమోదించలేదు.

ఇక వాక్యంలోకి వద్దాము. నిర్గమకాండము 5వ అధ్యాయం మీలో చాలామంది ఆదివారపు బడిలోనే విన్నారు. ఇశ్రాయేలీయులు ఫరోకు ఇటుకలు చేస్తున్నారు. ఇటుకల మట్టిలో కలిపే గడ్డి అంతవరకూ ఫరో మనుషులే తెచ్చి ఇచ్చేవారు. మోషే వచ్చి సెలవు అడగగానే ఫరో ఒక కొత్త ఆజ్ఞ ఇచ్చాడు. ఇకమీదట గడ్డి ఇవ్వరు, వాళ్ళే ఏరుకోవాలి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గకూడదు. బైబిలు కళాశాలలో మేము ఈ భాగాన్ని పదేపదే చదివాము, పరీక్ష కూడా రాశాము. దాని అర్థం నెమిలిలో ఒక ఇంటి కరెంటు బిల్లు చూసినప్పుడు గాని మాకు పూర్తిగా తెలియలేదు.

కంపెనీ ఆఫీసులో కుర్చీ ఉండేది, బల్ల ఉండేది, ఏసీ ఉండేది, జనరేటర్ ఉండేది, ఇంటర్నెట్ ఉండేది, తాగే నీళ్ళు ఉండేవి. కొన్నిచోట్ల పిల్లల సంరక్షణ గది కూడా ఉండేది. ఇప్పుడు ఇవన్నీ ఉద్యోగే ఏరుకోవాలి. ఇన్వర్టర్ వాయిదాల మీద కొన్నారు. వాన పడితే నెట్ పోతుంది కనుక రెండో కంపెనీ కనెక్షను కూడా పెట్టించారు. వంటింటి పక్క గోడకు ఒక బల్ల. లాప్‌టాప్ ఒక్కటి కంపెనీది. మిగతా గడ్డి అంతా వాళ్ళదే. ఇటుకల లెక్క మాత్రం ఆఫీసులో ఉన్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. ఇంకా చెప్పాలంటే, ప్రయాణం మిగిలింది కదా అని పెరిగింది.

అదే అధ్యాయంలో మేము ఎక్కువగా ప్రసంగించని రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, ఫరో ఆ జనాన్ని సోమరులు అన్నాడు. పని తక్కువైంది కాబట్టే ఆరాధనకు పోతామంటున్నారని అతని వాదన. ఆ తల్లి లాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. మౌస్ కదలకపోతే అది సోమరి సమయం లెక్క పెడుతుంది, వాళ్ళ భాషలో ఐడిల్ టైమ్. ఒక రాత్రి పాపకు జ్వరం వచ్చి వాంతి చేసుకుంటే ఈమె లేచి వెళ్ళి కడిగి, బట్టలు మార్చి వచ్చింది. పదకొండు నిమిషాలు. నెలాఖరున ఆ పదకొండు నిమిషాలు ఆమె పేరు పక్కన ఎర్ర రంగులో వచ్చాయి. ఆ రాత్రంతటిలో ఆమె చేసిన అతి కష్టమైన పని ఆ పదకొండు నిమిషాలే అని ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

రెండోది, లెక్క తక్కువైనప్పుడు దెబ్బలు తిన్నది ఇశ్రాయేలీయుల్లోంచి ఫరో మనుషులు నియమించిన నాయకులే. మన టీమ్ లీడర్లను చూస్తే మాకు వాళ్ళు గుర్తొస్తారు. ఆ తల్లికి ఎర్ర గుర్తు పెట్టిన అబ్బాయి కూడా ఎక్కడో ఒక చిన్న ఊళ్ళో, ఒక చిన్న గదిలో, తన బిడ్డను మ్యూట్ చేసుకుని కూర్చున్నవాడే. పై నుండి అతని మీద పడే దెబ్బ మనకు కనపడదు.

ఇంకొకటి కూడా నిజాయితీగా చెప్పాలి. మోషే ఫరోతో మాట్లాడాక జనం కష్టం తగ్గలేదు, పెరిగింది. వాళ్ళు మోషేనే తిట్టారు. మా మాట విని, షిఫ్టు అయ్యాక కూడా రోజూ రెండు గంటలు కాల్స్ పెడుతున్నారని కంపెనీకి మెయిల్ పెట్టిన ఒక యువకుడిని ఆ నెలలోనే ప్రాజెక్టు నుండి తీసేశారు. మూడు నెలలు జీతం లేదు. వాళ్ళ నాన్న మా ఇంటికొచ్చి, "అయ్యగారూ, మీకేం, మీరు చెప్పి పోతారు" అని అన్నారు. మా దగ్గర జవాబు లేదు. అప్పటి నుండి ఒంటరిగా ఎవరినీ ఎదిరించమని మేము సలహా ఇవ్వడం లేదు. నలుగురు కలిసి అడగాలి, అడిగేముందు చట్టం తెలుసుకోవాలి అంటున్నాము.

చట్టం సంగతి కొంచెం చూద్దాము. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. మంచిదే. 50 మంది, అంతకు మించి పని చేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని కూడా అందులో ఉంది. ఇంకా మంచిది. కానీ మూడు వందల మంది ఉద్యోగులు మూడు వందల ఊళ్ళలో ఉంటే ఆ కేంద్రం ఎక్కడ పెడతారు? బిడ్డ ఇంట్లోనే ఉందిగా అన్న మాటతో కంపెనీ బాధ్యత తీరిపోతున్నది. తండ్రులకైతే ప్రైవేటు ఉద్యోగంలో ఒక్క రోజు సెలవు కూడా ఈ చట్టం ఇవ్వలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు 15 రోజులు ఉంది.

మరోవైపు పెద్దల మాటలు చూడండి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటల దాకా వెళ్ళారు, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. ఆ మాట మీద దేశమంతా జోకులు వేసుకుంది. మాకు మాత్రం ఆ ప్రశ్నలో బిడ్డ ఎక్కడా లేదని తోచింది. భార్యాభర్తలు ఒకరినొకరు చూస్తూ కూర్చునే ఆదివారం ఏ ఇంట్లో ఉందో మాకు తెలియదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు స్త్రీల కోసం పెద్ద ఎత్తున ఇంటి నుండి పని తెస్తామని ప్రకటించారు. సరిహద్దు అవతల చిత్తూరు వైపు మా బంధువుల ఇళ్ళలో దీని మీద ఆశ ఉంది, ఆ ఆశను మేము తక్కువ చేయము. అయితే జూన్‌లో అదే ప్రభుత్వ మంత్రివర్గం రోజువారీ పని గంటల పరిమితిని 9 నుండి 10కి పెంచడానికి ఒప్పుకుంది. జులైలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో వారానికి 48 గంటలు దాటకుండా రోజుకు 10 గంటల పనికి అనుమతి ఇచ్చింది. ఈ రెండు ప్రకటనలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఇంట్లో కూర్చున్న స్త్రీకి పదో గంట ఎప్పుడు ముగిసిందో చూసేవాళ్ళు ఎవరు?

చూసే దారులు లేకపోలేదు. పోర్చుగల్ 2021లో చేసిన చట్టం మాకు నచ్చింది. పని గంటలు దాటాక ఉద్యోగిని యజమాని కదిలించకూడదు. ఇంటి నుండి పని వల్ల పెరిగిన కరెంటు, ఇంటర్నెట్ ఖర్చు యజమానే భరించాలి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలున్న తల్లిదండ్రులకు ఇంటి నుండి పని అడిగే హక్కు ఉంది. అంటే గడ్డి ఫరోయే ఇవ్వాలి అన్నమాట. ఫ్రాన్సులో 2017 నుండి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుండి పని వేళ దాటాక ఫోను ఎత్తకుండా ఉండే హక్కు ఏదో ఒక రూపంలో ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018 డిసెంబరులో ఇలాంటి బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. మన క్రైస్తవ సంఘాల నుండి ఒక్క వినతిపత్రమైనా దాని కోసం వెళ్ళినట్టు మేము వినలేదు.

ఇంట్లో కూడా ఒక ఫరో ఉన్నాడు. మగవాళ్ళకు ఈ మాట రుచించదు, మాకూ రుచించలేదు. 2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, ఇంటిపని చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇది కూడా అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే పురుషుల లెక్క, పెట్టనివాళ్ళు ఇందులో లేరు. భార్యాభర్తలిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే రకం లాప్‌టాప్ ముందు కూర్చున్నా, కాఫీ అడిగేది ఒకరు, లేచి పెట్టేది ఇంకొకరు. భర్త గదికి తలుపు ఉంటుంది. భార్య బల్ల వంటింటి దారిలో ఉంటుంది. మేము చూసిన ఇళ్ళలో దాదాపు అన్నిటా ఇదే అమరిక. మీ ఇంట్లో తలుపున్న గది ఎవరిదో ఈ రోజు ఒకసారి చూడండి.

నెమిలి ఇంటి తండ్రి చెడ్డవాడు కాడు. పాప తలుపు తడితే తీయలేక, తలుపు అవతల నుండి వేళ్ళు కిందికి పెట్టి ఆడించేవాడట. తలుపు కింది సందులో తండ్రి వేళ్ళు, బయట బిడ్డ వేళ్ళు. ఆ సంగతి చెప్పేటప్పుడు అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఐనా రాత్రి ఏడున్నరకు బయటికి వచ్చాక అన్నం ఎవరు వండాలి అన్న ప్రశ్న అతనికి రాలేదు. తల్లి షిఫ్టుకు కూర్చునే ముందే వండి పెట్టి ఉండేది.

మరి సంఘం ఏమి చేసింది? మేమూ ఇటుకలు అడిగాము. పొద్దున ఐదింటికి జూమ్‌లో ప్రార్థన, రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో వాక్య ధ్యానం, శనివారం ఉపవాస కూటం, ఆదివారం పొద్దుటి నుండి మూడింటి దాకా. రానివారి పేర్లు గుర్తు పెట్టుకున్నాము. ప్రమోషన్ వచ్చినవారి చేత సాక్ష్యం చెప్పించాము, రాత్రింబగళ్ళు పని చేసినందుకు దేవుడు హెచ్చించాడని. బిడ్డను చూసుకోవడానికి ఉద్యోగం వదులుకున్న తల్లి చేత ఎప్పుడైనా చెప్పించామా? ద్వితీయోపదేశకాండములో విశ్రాంతి దినానికి చెప్పిన కారణం, మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు గనుక అని. దాసుడు, దాసి కూడా విశ్రమించాలని. విశ్రాంతి దినమంటే ఆరాధనకు హాజరు అని మాత్రమే మేము ఇన్నాళ్ళు బోధించాము.

నాలుగు నెలల తర్వాత మేమూ, మా ఇంట్లోవారూ కలిసి మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాము. ఈసారి బైబిలు సంచిలోనే ఉంచాము. ఆమె నిష్ఠూరం ఆడలేదు. "అయ్యగారూ, ప్రార్థన వద్దని కాదు. పొద్దున మూడు గంటలు బిడ్డను చూసుకునే మనిషి కావాల. నేను నిద్రపోవాల. అంతే" అంది. ఇంత చిన్న కోరిక వినడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

ఆదివారపు బడి గది వారమంతా తాళం వేసి ఉంటుంది. దానిని పొద్దున ఎనిమిది నుండి పన్నెండు దాకా తెరుద్దామని పెద్దల కూటంలో పెట్టాము. సులువుగా ఒప్పుకున్నారని రాస్తే అబద్ధమవుతుంది. కరెంటు ఎవరు కడతారు, బిడ్డ పడి దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత, వేరే మతంవాళ్ళ పిల్లలు వస్తే రానిస్తామా అని మూడు వారాలు సాగింది. చివరి ప్రశ్నకు మేము గట్టిగానే జవాబు చెప్పాము. మిగతావాటికి ఇంకా పూర్తి జవాబులు లేవు.

పిల్లలను చూడటానికి ఎవరు? ఇక్కడ మేము దాదాపు ఇంకో తప్పు చేయబోయాము. పేద విధవరాలు ఒకామె ఉంది, దేవుని సేవగా చేస్తుంది అని ఒక పెద్దాయన అన్నారు. జీతం లేకుండా అని అర్థం. ఒక తల్లి భారం దించడానికి ఆమెకంటే పేద తల్లి మీద పెట్టడమే అది. నగరాల్లో మన మధ్యతరగతి ఇళ్ళన్నీ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. మన బిడ్డను ఎత్తుకునే ఆమె తన బిడ్డను ఎక్కడ వదిలి వచ్చిందో అడగము. ఆ కూటంలో మేము నిర్గమకాండము 2వ అధ్యాయం తెరిచాము. యోకెబెదు తన కన్నబిడ్డకే పాలిచ్చింది, ఐనా ఫరో కుమార్తె దానికి జీతం ఇచ్చింది. బిడ్డను పెంచడం జీతం ఇవ్వవలసిన పని అని ఫరో ఇంటి ఆడపిల్లకు తెలిసింది, మన సంఘపు పెద్దలకు తెలియదా అని అడిగాము. ఆ మాట కొంచెం పరుషంగానే వచ్చింది, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాము. జీతం మాత్రం ఖాయమైంది. సగం తల్లిదండ్రుల నుండి, సగం సంఘం నుండి. నెల నెలా కిందా మీదా పడుతున్నాము.

ఇప్పుడు ఆరుగురు పిల్లలు వస్తున్నారు. అందులో ఇద్దరు బీడీలు చుట్టే ఇంటి పిల్లలు. మా పెద్దమ్మ రోజూ వచ్చి ఒక మూల కూర్చుంటారు, ఎవరూ పిలవలేదు. తెలుగు, అరవం కలిపి ఎడతెగకుండా కథలు చెబుతారు. పిల్లలు విన్నా వినకపోయినా ఆమెకు పట్టదు.

ఇది చదువుతున్న యువతీ యువకులకు ఒక మాట. కొత్త ఉద్యోగం ఒప్పుకునేటప్పుడు జీతం ఎంత అని మాత్రమే అడుగుతున్నారు. షిఫ్టు ఎప్పుడు ముగుస్తుంది, ముగిశాక మెసేజ్ చూడకపోతే ఏమవుతుంది, నెట్ ఖర్చు ఎవరిది, తెర మీద నిఘా ఉందా అని కూడా అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి. పెళ్ళికి చూసుకునేటప్పుడు అబ్బాయి ప్యాకేజీ అడిగే పెద్దలు అతనికి అన్నం వండటం వచ్చా అని కూడా అడగండి. ఇంటి నుండి పని చేసేవాళ్ళు మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో లెక్క తీసి, నెలకొకసారి గుడిలో గాని, ఎవరి వాకిట్లో గాని కూర్చోండి. మతం, కులం చూడకండి. బీడీ తల్లులు తిన్నెల మీద కూర్చుని చేసింది అదే. పోర్చుగల్ చట్టంలాంటిది మన రాష్ట్రాలకు కావాలని మీ ఎమ్మెల్యేకు ఒక వినతిపత్రం రాయడానికి పెద్ద చదువు అక్కరలేదు. ముసాయిదా మేము తయారు చేస్తున్నాము, తెలుగులోనూ తమిళంలోనూ.

పోయిన వారం ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. కంపెనీ నుండి మెయిల్ వచ్చిందట. వచ్చే నెల నుండి వారానికి మూడు రోజులు చెన్నై ఆఫీసుకు రావాలి, రాలేనివారు పదిహేనో తేదీలోపు చెప్పాలి. చెన్నైలో గది తీసుకుంటే జీతంలో సగం పోతుంది. మానేస్తే ఇంటి అప్పు ఆగదు. భర్త, తాను వంట నేర్చుకుంటున్నానని, అమ్మను, పాపను చూసుకుంటానని, నువ్వు వెళ్ళు అని అంటున్నాడట. అది నమ్మాలో లేదో తెలియడం లేదని ఆమె కొంచెం నవ్వింది. పాప మా వాకిట్లో కోడి వెనకాల పరుగెత్తుతూ గట్టిగా ఏదో అరుస్తున్నది, మాకు సగం అర్థం కాలేదు. ఏమి నిర్ణయించుకున్నావమ్మా అని అడిగాము. పదిహేనో తేదీకి ఇంకా ఎనిమిది రోజులు ఉంది కదయ్యా, అంది.